ఇనుము అందని ఆకు

ఆ ల్యాబులో అందరూ ఆమెను వంటామె అనే పిలుస్తారు. గాజు సీసాల్లో పెరిగే అరటి పిలకలకు ఉప్పులూ చక్కెరా కలిపి మేత కాచి పోయడం ఆమె పని. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. అక్కడే సీసాలు కడిగే వదినకు ఆ పిలుపంటే భలే సరదా.

"ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. ఇక్కడేమో ఇంతమందికి వండి వారుస్తుంది మా ఆడపడుచు!"

ఈ వారం మాత్రం వదిన కూడా నవ్వడం లేదు. సీసాల్లో కొత్తగా విచ్చుకున్న ఆకులన్నీ పాలిపోయాయి. ఈనెలు పచ్చగానే ఉన్నాయి కానీ వాటి నడుమ ఆకు కాగితంలా తెల్లబడింది. డైరెక్టరు ఒక సీసాను వెలుతురుకెత్తి చూసి పెదవి విరిచాడు.

"వైరస్. తల్లి మొక్కలతో సహా అన్నీ ఉడకబెట్టి పారేయండి."

ఏళ్ళ తరబడి ఆమె కోసి, విడదీసి, మళ్ళీ కోసి నిలబెట్టుకున్న వంగడం అది. తల్లి మొక్కలు పోతే ఇక మొలిపించడానికి ఏమీ మిగలదు.

"వైరస్ అయితే ఒక్కో మొక్కలో ఒక్కోలా ఉంటుంది కద సార్. ఇది అన్నిట్లో ఒకేలా, కొత్తాకుల్లోనే ఉంది. ఇనుము అందలేదేమో. పాతాకులో ఉన్నది కొత్తాకుకు కదలదు."

"అందకపోతే ఇంత ఏపుగా ఎలా పెరిగాయమ్మా?"

"చక్కెర మనమే పోస్తున్నాం కదండీ. ఆకు పనిచెయ్యకపోయినా సీసాలో గడిచిపోతుంది. మట్టిలోకి మారిస్తే సొంతంగా సంపాదించుకోవాలి, అప్పుడు వాడిపోతాయి."

డైరెక్టరు సీసా కింద పెట్టాడు. "సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నన్ను అడగొద్దు."

అదే విడతలోవి కొన్ని మొక్కలు నీడ షెడ్డులో మట్టికి అలవాటు పడుతున్నాయి. ఆమె కొత్త ప్యాకెట్టు విప్పి, ఇనుప ఉప్పు నీళ్ళలో కలిపి, పాలిపోయిన ప్రతి ఆకుకూ నడిమి ఈనెకు ఒక పక్కనే కుంచెతో పూసింది.

"సగం మొహానికే పౌడరు రాస్తే ఎలాగే తల్లీ?" అంది వదిన.

"రాసిన సగం పచ్చబడితే ఇనుమే, వదినా. లేకపోతే సారే గెలిచారు."

లోపలికి వచ్చి పాత ఇనుప ద్రావణం సీసా తీసింది. అది గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలకుండా ఉండాలి. బరువు సీసా ఎత్తి చూడలేక, భుజం నొప్పి ఓర్చుకోలేక, ఎంత మిగిలిందో కనిపిస్తుందని కొన్నాళ్ళ కిందట తానే ద్రావణాన్ని తెల్ల గాజు సీసాలోకి వంపి ట్యూబులైటు కింద పెట్టింది. ఇప్పుడు ఇనుమంతా అడుగున తుప్పులాంటి మడ్డిగా పేరుకుని ఉంది. ఇన్నాళ్ళూ పైతేట మాత్రమే మేతలో కలుపుతోంది.

సోమవారం షెడ్డులో ఆకులు నడిమి ఈనె దగ్గర గీత గీసినట్టు రెండుగా చీలి కనిపించాయి. పూసిన పక్క పచ్చన, పూయని పక్క తెల్లన. డైరెక్టరు కళ్ళజోడు తీసి మరీ చూశాడు.

"మరి తప్పెక్కడ జరిగింది?"

"నా దగ్గరే, సార్. వెలుతుర్లో పెట్టి ద్రావణం పాడు చేశాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే. తల్లి మొక్కలు ఉంచండి. పారేసేది లేదు కాబట్టి అన్నిటినీ కొత్త మేతలోకి మార్చండి. మనుషుల్ని మాత్రం అడక్కండి, లేరు."

అరలు నేల నుంచి పైకప్పు దాకా నిండి ఉన్నాయి. ప్రతి సీసా మూత తీయాలి, క్రిములు చేరకుండా మంట దగ్గర పట్టాలి, పిలకను తీసి కొత్తదాంట్లో నిలబెట్టాలి.

"వైరస్ అని ఒప్పుకుని ఉంటే ఈపాటికి ఇంట్లో నడుం వాల్చేవాళ్ళం," అంది వదిన, చేతులు కడుక్కుంటూ.

"నిజమే."

"నిజమేనంట! జరుగు, మూతలు నేను తీస్తా."

ఆమె నొప్పి భుజాన్ని ఒకసారి విదిలించుకుని, స్పిరిట్ దీపం వెలిగించి, మొదటి సీసాను దగ్గరికి లాక్కుంది.