తెల్లమెట్ల చదువు

కరుణశ్రీ టీచరు నలభై తొమ్మిదో ఏట కీబోర్డు పట్టింది. పట్టిందంటే పట్టుదలగానే పట్టింది. గంపలగూడెం బడి నుంచి తిరువూరు వచ్చి, కుక్కరు పెట్టి, రోజూ గంటసేపు సాధన. జ్వరమొచ్చినా ఆ గంట తప్పలేదు. ఒక్కసారైనా చర్చిలో పాటకు వాయించాలని ఆమె కోరిక.

నేర్పేది ఆ చర్చిలో వాయించే ప్రేమ్ కిరణ్. ఆమెకంటే ముందు క్లాసు నర్సింగు చదివే లిడియాది. అతని ఇంటి వరండాలో కూర్చున్న కరుణశ్రీకి లోపలి చీవాట్లు వినపడేవి. "మళ్ళీ తప్పు! ఎడమ చెయ్యి ఒక్కటే వాయించు. మెల్లగా! ఇప్పుడు నేను పాడతా, శ్రుతి నువ్వు పట్టుకో." పాపం పిల్ల, అనుకునేది.

తన వంతు రాగానే అంతా వెన్నే. "సూపర్ మేడం!" కీబోర్డు మీద నల్లమెట్ల జోలికి పోనిచ్చేవాడే కాదు. "అవెందుకండీ మీకు? ఈ బటను నొక్కితే శ్రుతి అదే మారుద్ది. మీరు తెల్లమెట్ల మీదే వాయించుకోండి." రెండేళ్ళు అట్లాగే గడిచాయి. తనకు సంగీతం పుట్టుకతో వచ్చిందేమోనని కూడా అనుకుంది, పిచ్చితల్లి.

స్త్రీల సమాజం ఆరాధనకు ఆమెను వాయించమన్నారు. అక్కడ పాట ఎత్తేది జోజమ్మ. ఎవరి శ్రుతి కోసమూ ఆగే మనిషి కాదు. ఆమె ఎత్తుకుంటే వాయించేవాళ్ళే వెతుక్కోవాలి. ఎత్తుకుంది. కరుణశ్రీ బటను నొక్కింది, కలవలేదు. ఇంకోసారి నొక్కింది, ఇంకా దూరం పోయింది. పాటది ఒక దారి, కీబోర్డుది ఒక దారి. మొదటి చరణం అయ్యేసరికి ఆడవాళ్ళు పాడటం మాని ఆమె వైపే చూస్తున్నారు. లిడియా వచ్చి, "కాస్త జరగండి ఆంటీ" అని, రెండు మెట్లు తాకి జోజమ్మ శ్రుతిని పట్టేసింది.

కరుణశ్రీకి తల కొట్టేసినట్టయింది. ఆరాధన అయ్యాక, వైర్లు చుడుతున్న ప్రేమ్ కిరణ్ దగ్గరకు వెళ్ళింది.

"శ్రుతి పట్టుకోవడం నాకెందుకు నేర్పలేదు బాబూ?"

అతను నేలచూపులు చూశాడు. "సార్‌కి మొదట్లోనే చెప్పానండీ, కష్టపడితే మేడంకి వచ్చుద్దని. ఆయనే వద్దన్నారు. 'ఈ వయసులో ఏం వచ్చుద్దయ్యా, ఏదో సరదా. ఆవిణ్ణి కష్టపెట్టకు, బాగుందంటా ఉండు' అన్నారు."

"వచ్చుద్దని చెప్పావా?"

"చెప్పానండీ."

సార్ అంటే ఆమె భర్త యేసుబాబు. రెండేళ్ళుగా ఇంట్లో పక్కగదిలో పేపరు చదువుకుంటూ "భేష్" అన్న మనిషి. ఆ మాట కోసమే ఆమె ఎన్నోసార్లు తలుపు తీసిపెట్టి మరీ వాయించింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇంటి మనిషినేమని తిడుతుంది?

గేటు దగ్గర యేసుబాబు బండి అప్పుడే వచ్చి ఆగింది. "ఎక్కు. బాగా వాయించావు" అన్నాడు నవ్వుతూ.

"మీరు విననేలేదు కదండీ."

"వినాలా ఏంటి? నాకు తెలీదా?"

"తెలుసు. మీకు అన్నీ ముందే తెలుసు." "నాకు రాదని కూడా."

ఆయన నవ్వు ఆగిపోయింది. కరుణశ్రీ బండెక్కలేదు. రోడ్డు దాటి, వస్తున్న షేరాటోకు చెయ్యెత్తింది.