పిలుపు లేని లోడు

సాలూరులో వేగావతి చిన్న లారీల సంఘం యార్డుకి ఒకటే ధర్మం. వచ్చిన లోడు ఏదైనా సరే, అరుగెక్కి అందరికీ వినబడేలా పిలవాలి. సీరియల్లో ముందున్న లారీ ఎవరిదో వాళ్లు వచ్చి చీటీ తీసుకోవాలి. మూడు పిలుపులకీ రాకపోతే తరవాతి వాడికి పోతుంది. పిలవకుండా బండెక్కింది దొంగలోడు. అది మోసినవాడి పక్కన నిలబడి టీ కూడా తాగరు. ఒక్కొక్క లారీ మాత్రమే ఉన్నవాళ్లు పెట్టుకున్న సంఘం అది. డజన్ల లారీలున్న ఆసాములకి ధర్మంతో పనేముంది, వాళ్లకి ఫోన్లు చాలు.

పిలిచేవాడు ఎల్లాజీ. సన్నటి మనిషి, గొంతు మాత్రం దేవుడు ఎవరికో ఇవ్వబోయి ఇతనికి ఇచ్చేశాడు. అతను అరుగు మీద నిలబడి "రాయగడ" అని పిలిస్తే రాయగడ వాళ్లే పలుకుతారని డ్రైవర్లు ఏడిపించేవారు. చదువు రాదు. కూతురు ఝాన్సీ చీటీ చదివి చెవిలో చెబుతుంది, అతను యార్డుకి చెబుతాడు.

ఝాన్సీకి తండ్రి గొంతు రాలేదు గానీ నోరు వచ్చింది. విశాఖపట్నంలో ఒక కంపెనీలో సర్వర్లు చూసే పని చేసి, మాట తూలిన మేనేజరుకి అంతకు రెండింతలు అప్పజెప్పి, సంచి సర్దుకుని వచ్చేసింది. జీఎస్టీ వచ్చిన ఏడు కంపెనీలన్నీ "ఇక ఫోన్లో లోడు చెప్పం, మెయిల్లో పంపుతాం" అంటే సంఘం వాళ్లు తలలు పట్టుకున్నారు. అప్పుడు సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక పేరు కొని, ఆ పేరు మీద మెయిల్ పెట్టి, క్లౌడ్‌లో ఖాతా తెరిచింది ఆమే. ఖాతా తాళం, అదే పాస్‌వర్డు, ఆమె దగ్గర ఒకటి, ప్రెసిడెంటు నరసింగరావు దగ్గర ఒకటి. అప్పట్నుంచీ మెయిల్ వస్తే ఆమె చీటీ రాయడం, తండ్రి పిలవడం.

వానలు వెనకబట్టాక లోడులు తగ్గాయి. మొదట మార్కెట్ అనుకున్నారు. తరవాత దేశం అనుకున్నారు. ఆ తరవాత, మన జనం సంగతి తెలిసిందే కదా, అందుబాటులో ఉన్న మనిషిని అనుకున్నారు. జీడిపప్పు లోడులు ఏమయ్యాయి, గోనెసంచుల లోడులు ఏమయ్యాయి, తిరుగు కిరాయి దొరికే మంచి లోడులన్నీ ఎటు పోయాయి? మిగిలిన తుక్కే ఎల్లాజీ ఎందుకు పిలుస్తున్నాడు?

ఒక పొద్దున్న అసిరయ్య యార్డు మధ్యలో నిలబడి అడిగేశాడు. అసిరయ్య అంటే ఎల్లాజీతో ముప్పయ్యేళ్ల స్నేహం, అతని పెళ్లికి సొంత బండి కట్టినవాడు.

"ఎల్లాజీ, పిలుపులు మింగేస్తన్నావు. ఎవలికి అమ్మీసినావు మా లోడులు?"

ఎల్లాజీ చేతిలో చీటీని అరుగు మీద పెట్టేశాడు. అరుగు దిగి ఇంటికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు మీటింగు పెట్టి అతన్ని తీసేస్తారని సాయంత్రానికల్లా కబురొచ్చింది.

ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది. గజపతినగరం దగ్గరి గోనెసంచుల మిల్లుకి ఫోన్ చేసి, లోడులు ఎందుకు పంపడం లేదని నిలదీసింది. అవతలి గుమస్తా తెల్లబోయాడు.

"పంపతన్నాం కదమ్మా, రోజూ మెయిలెడతన్నాను. బళ్లు కూడా వస్తన్నాయి. పైడికొండ రోడ్‌లైన్స్ బళ్లే కదా మీవి?"

కావు. పైడికొండ రోడ్‌లైన్స్ ఉమాశంకర్‌ది. ఉమాశంకర్ నరసింగరావుకి సొంత బావమరిది.

ఆమె లాప్‌టాప్ తెరిచింది. ఒక పేరుకి వచ్చే మెయిల్‌ని ఏ గుమ్మంలో దించాలో చెప్పే చిరునామా ఒకటుంటుంది. దాన్ని ఎంఎక్స్ రికార్డు అంటారు. సంఘానిది క్లౌడ్‌లోని ఖాతాలో ఉంది. అది రహస్యమేమీ కాదు, లోకంలో ఎవరడిగినా చెబుతుంది, అడిగేవాడు ఉండాలి అంతే. తను పెట్టింది తను పెట్టినట్టే ఉంటుందనే ధీమాతో ఇన్నాళ్లూ ఆమె అడగలేదు. ఇప్పుడు నల్లటి తెర మీద ఒక్క కమాండ్ కొట్టి అడిగింది. సంఘం గుమ్మం ఉండాల్సిన చోట పైడికొండ రోడ్‌లైన్స్ సర్వర్ పేరుంది. మార్చింది ఏ తాళంతోనో ఖాతా తెరిచి, అందులోని చిట్టాలో చూసింది. ప్రెసిడెంటు తాళంతో. అంటే సంఘం మెయిలంతా ముందు ఉమాశంకర్ ఇంట్లో దిగుతోంది. అతను పండ్లు తినేసి తొక్కలు ఇటు పంపుతున్నాడు.

నరసింగరావు టైర్ల కొట్టుకి నేరుగా వెళ్లింది. అతను బుకాయించలేదు. బుకాయించడం కింద తరగతి వాళ్ల పని అనుకుంటాడు. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"సూడమ్మా ఝాన్సీ, ఏదో పొరపాటు జరిగినాది. నీ సేతిలో పనే కదా, రేతిరికి సరిసేసీ. మీటింగులో మీ నాన్నని నాను కాపాడతాను, ఉజ్జోగం ఎక్కడికీ పోదు. పేర్లూ గీర్లూ ఎందుకు? సంఘం గుట్టు సంఘంలోనే ఉండాల."

"సరిసేస్తే రేపట్నించి మంచి లోడులొస్తాయి. అప్పుడు జనం ఏటంటారో తెలుసా? ఎల్లాజీని బెదిరించగానే మింగింది కక్కీసినాడంటారు. మీరు కాపాడిన దొర, మా నాన సచ్చేదాకా దొంగ."

నరసింగరావు టీ ఊదుకున్నాడు. "అయితే ఏటి సేస్తావు?"

"అదే పొరపాటు మీటింగులో మీ నోటితో సెప్పండి."

"నాను ప్రెసిడెంటునమ్మా. రేపు మీటింగయ్యాక నీ తాళం పీకించేస్తాను. తండ్రీ కూతుళ్లిద్దరూ ఇంట్లో కూకుందురు గాని."

"మీటింగయ్యాకే కదా," అంది ఝాన్సీ. టీ ముట్టుకోకుండా లేచొచ్చింది.

ఇంట్లో అంతా చెబితే ఎల్లాజీ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. మొహంలో వెలుగు రాలేదు, భయం వచ్చింది.

"ఒగ్గీ గుంటా. ఆడితో మనకేటి. గుట్టుగా సరిసేసీ, నా కూడు నాకుంటాది."

"మాట పడ్డం నీకలవాటైపోనాదేటి నానా? నాకవ్వలేదు, అవ్వదు." కన్నీళ్లు వచ్చాయి గానీ కోపంతో వచ్చాయి. "కూడు కోసం కాదు. నీ పేరు కోసం. నువ్వు దొంగవి కాదని అదే యార్డు ఇనాల."

మర్నాడు యార్డు నిండింది. లారీల నీడల్లో జనం కూర్చున్నారు, అరుగు పక్కన నరసింగరావు కుర్చీ వేయించుకున్నాడు. ఎల్లాజీ ఒక చివర, టైర్ల గుట్ట పక్కన, పరాయివాడిలా నిలబడ్డాడు. అసిరయ్య లేచి, పిలిచేవాణ్ణి మార్చాలని గట్టిగానే అన్నాడు. చాలా తలలు ఊగాయి. ఇన్నాళ్లూ ఎల్లాజీ పిలుపుకి పలికినవాళ్ల తలలే.

ఝాన్సీ లాప్‌టాప్ పట్టుకుని అరుగెక్కింది.

"దిగు," అన్నాడు నరసింగరావు. "మెంబర్లు తప్ప ఎవలూ మాటాడ్డానికి నేదు. ఆడపిల్లలు అరుగెక్కే ఆనవాయితీ అసలే నేదు."

"నాను మాటాడ్డానికి రానేదు. పిలుపుంది."

ఆ మాట అన్నాక ఆ యార్డులో ఎవరూ అడ్డుపడకూడదు. ప్రెసిడెంటైనా అంతే. నరసింగరావుకి ఆ సంగతి తెలుసు, పళ్లు బిగించి కూర్చున్నాడు.

లోడులు ఎక్కడికి పోతున్నాయో మెయిల్ గుమ్మం చెబుతుందనీ, ఆ గుమ్మం ఎవరో మార్చారనీ ఆమె చెప్పింది. వెంటనే నరసింగరావు నవ్వు మొహంతో అందుకున్నాడు. "సరే, కంప్యూటర్లో ఏదో తప్పుడు చీటీ పడుంటాది. తీసీమ్మా. గొడవొదిలిపోతాది."

"తీసీమంటన్నారు కదా," అంది ఝాన్సీ. "అసిరయ్య మావా, ఇలగొచ్చి సూడు."

అసిరయ్య అయిష్టంగా అరుగు దగ్గరికి వచ్చాడు. ఆమె పాత రికార్డు తీసెయ్యమని కమాండ్ కొట్టింది, పైడికొండ పేరు బదులు ఏదో తోచిన పేరు రాసి. ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"ఏటంటాది?" అన్నాడు అసిరయ్య.

"అలాటిది నా దగ్గర నేదంటాది. ఉన్నదాన్ని తియ్యాలంటే అదేటో ఉన్నదున్నట్టు ముందు సెప్పాల మావా. ఒక్క సుక్క తేడా ఉన్నా తియ్యదు. పొరపాటనీ, ఏదో చీటీ అనీ సెప్తే ఊరుకోదు. కంప్యూటరుకున్న పాటి నీతి మనకుండాలి కదా. ఈ యార్డులో పిలవకుండా ఏదీ కదలదు. దీన్ని కూడా పిలిచే తీస్తాను."

తెర మీద ఉన్నది చదవడం మొదలుపెట్టింది. హైవే మీద బండ్లు పోతున్నాయి, గాలి ఒకటి. ఆమె గొంతు మూడో లారీ దాటలేదు. వెనక వరసల వాళ్లు వినబడ్డం లేదని గొణిగారు. నరసింగరావు కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు. ఝాన్సీ మళ్లీ చదివింది, నరాలు తేలేలా అరిచింది. గొంతు చీరుకుపోయింది గానీ ముందుకి పోలేదు.

టైర్ల గుట్ట దగ్గర కదలిక కనబడింది. ఎల్లాజీ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, జనం మధ్యనుంచి, ఎవరినీ తప్పుకోమనకుండా, వాళ్లే తప్పుకునేలా నడిచి వచ్చాడు. అరుగెక్కి కూతురి పక్కన నిలబడ్డాడు.

"సెప్పు," అన్నాడు. "నాను పిలుస్తాను."

నరసింగరావు లేవబోయాడు. "ఎల్లాజీ, ఆలోసించుకో."

"పిలుపవుతాంది," అన్నాడు ఎల్లాజీ అతని వైపు చూడకుండా.

ఆమె ఒక్కొక్క మాటా చెవిలో చెప్పింది. అతను జయపురం, కొరాపుట్ పిలిచినట్టే పిలిచాడు.

"వేగావతి సంఘం మెయిలు. ఎంఎక్స్ రికార్డు. నంబరు పది. దిగే గుమ్మం, మెయిల్ డాట్ పైడికొండ రోడ్‌లైన్స్ డాట్ ఇన్. మార్చిన తాళం, ప్రెసిడెంటు నరసింగరావుగారిది. ఒకటో పిలుపు."

ఎంఎక్స్ అంటే ఏమిటో అతనికి తెలియదు, యార్డుకీ తెలియదు. పైడికొండ రోడ్‌లైన్స్ అంటే అందరికీ తెలుసు. తమ పక్కనుంచి దుమ్ము కొట్టుకుంటూ పోయే కొత్త లారీల మీద రోజూ చదువుతున్న పేరే. రెండో పిలుపుకి గొణుగుడు ఆగిపోయింది. మూడో పిలుపుకి నరసింగరావు మోటారు సైకిల్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. కూర్మమ్మ అనే పెద్దావిడ, మొగుడు పోయాక లారీ నడిపించుకుంటున్న మనిషి, ఆ ఖాళీ కుర్చీని తన వైపు లాక్కుని కూర్చుంది.

ఝాన్సీ పిలిచింది పిలిచినట్టే టైపు చేసింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. పాతది తీసి, సంఘం గుమ్మం చేర్చి, అమలు చెయ్యమంది. లోకంలోని కంప్యూటర్లు పాతదారిని ఇంకో గంట గుర్తుపెట్టుకుంటాయని చెబితే, ఆ గంటా కూర్చుంటామన్నారు. ఒక్క లారీ కదల్లేదు. ఎల్లాజీ అరుగు దిగలేదు.

గంట దాటిన కాసేపటికి మిల్లు నుంచి మెయిల్ వచ్చింది. ఝాన్సీ చీటీ రాసి తండ్రి చెవిలో చెప్పింది.

"గోనెసంచులు. రాయ్‌పూర్. తిరుగు కిరాయి ఉన్నాది. సీరియల్ అసిరయ్య."

అసిరయ్య కదల్లేదు. తల దించుకుని నిలబడ్డాడు. ఎల్లాజీ రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాక అసిరయ్య కాళ్లీడ్చుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. ఎల్లాజీ చీటీ వదల్లేదు.

"తప్పయిపోనాది బావా," అన్నాడు అసిరయ్య, అతనికి మాత్రమే వినబడేలా. "ఏదో అనీసినాను. మనసులోంచి తీసీ."

"ఏదో అంటే నా దగ్గర అలాటిది నేదు," అన్నాడు ఎల్లాజీ. "ఏటన్నావో ఉన్నదున్నట్టు సెప్పు. తీసేస్తాను."

"పిలుపులు మింగినోడన్నాను."

"యార్డుకి ఇనపడనేదు."

అసిరయ్య జనం వైపు తిరిగాడు. కళ్లు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాడు. "ఎల్లాజీ మా పిలుపులు మింగీసినాడని నాను అన్నాను. మింగనేదు."

ఎల్లాజీ చీటీ అతని చేతిలో పెట్టి, తరవాతి లోడు ఏమిటని కూతుర్ని అడిగాడు.