ఇరవై ఎనిమిది కాదు, పంతొమ్మిది

రత్నమాణిక్యం పేరు పక్కన ఇరవై ఎనిమిది అని ఉండటం మొదట చూసింది ఆవిడ కాదు, రామచంద్రపురం జట్టు కెప్టెన్ అచ్చిబాబు.

"ఇరవై ఎనిమిదా?" అన్నాడు నోటీసు బోర్డు మీద వేలు పెట్టి. "కిందటేడు ఈవిడ నా కళ్లముందే ఆడారు. ఇది ఇరవై ఎనిమిది చెయ్యి కాదు. ఏంటండీ అప్పాజీ గారూ, టీచరమ్మని కూడా మీ దొంగాటలో కలిపేసుకున్నారా?"

అక్కడున్న పదిమందీ ఆవిడ వైపు చూశారు. రత్నమాణిక్యానికి చెవులు వేడెక్కాయి. కొవ్వూరు మిషన్ స్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. దొంగ అన్న మాట ఆవిడ ఎప్పుడూ పడలేదు.

గోల్ఫ్‌లో బాగా ఆడేవాళ్లకి హ్యాండిక్యాప్ అంకె తక్కువ, అంతగా ఆడలేనివాళ్లకి ఎక్కువ. ఆ అంకె ఎంతుంటే అన్ని షాట్లు మొత్తంలోంచి తీసేసి స్కోరు కడతారు, తక్కువ వచ్చినవాళ్లే గెలిచినట్టు. ఎవరైనా ఎవరితోనైనా సమానంగా పోటీపడటానికి పెట్టిన ఏర్పాటు. అబద్ధం చెప్పదలుచుకున్నవాడికి అంతకంటే అనువైన చోటు లేదు.

"వాడి మాటలు పట్టించుకోకండి మేడమ్. ఆడిన కార్డుల్ని బట్టి కంప్యూటర్ కట్టిన అంకె అది," అన్నాడు అప్పాజీ. కొవ్వూరు జట్టు కెప్టెన్ అతనే.

తనకి పంతొమ్మిది ఉండాలని ఆవిడకి తెలుసు. వేసవిలో మణికట్టు విరిగి రెండు నెలలు ఆడలేదు కదా, ఆడకపోతే పెరుగుతుందేమోలే అని సర్దిచెప్పుకుంది. అచ్చిబాబు మీద కోపం ఆ సర్దుబాటుకి బాగా సాయపడింది.

జంగారెడ్డిగూడెం దాటాక, పామాయిల్ తోటల మధ్య, ఒకప్పటి పొగాకు చేలో వేసిన కోర్స్ అది. ఉన్నవి తొమ్మిది హోల్సే కాబట్టి రెండుసార్లు తిరగాలి. జట్టుకి నలుగురు. ఎవరి బాల్ వాళ్లు కొట్టాలి. ప్రతి హోల్‌లోనూ నలుగురిలో మంచి రెండు స్కోర్లే జట్టుకి లెక్క. ఒకరిద్దరు చెడగొట్టినా ఫర్వాలేదు. రెండు జట్లూ కలిసే నడుస్తాయి, ఒకరి కార్డు ఇంకొకరు రాస్తారు. రత్నమాణిక్యం రాయాల్సిన కార్డు అచ్చిబాబుది, ఆవిడది అతను.

"ఎంత రాయమంటారు? ఆరా? దాంట్లో రెండు తీసేయాలి కాబోలు," అనేవాడు ప్రతి హోల్ దగ్గరా.  కోపంలో ఆవిడ మామూలుకంటే బాగా కొట్టింది. మొదటి తొమ్మిదీ అయ్యేసరికి కొవ్వూరు ఆరు షాట్లు ముందుంది.

షెడ్డు కింద మజ్జిగ ఇస్తున్నారు. రత్నమాణిక్యం గ్లాసు పక్కన పెట్టి ఫోన్లో స్కోర్ల యాప్ తెరిచింది. తన అంకె సరైనదేనని అచ్చిబాబు ముఖాన చూపించాలని వెతికింది. ఆవిడ పేరు మీద మే నెలలో నాలుగు కార్డులున్నాయి. నాలుగూ నూట పది పైనే. చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్న రోజులవి. సాక్షి సంతకం సురేంద్రది. అప్పాజీ పినతండ్రి కొడుకు, వాళ్ల జట్టులో మూడోవాడు, ఎనిమిదేళ్ల కిందట ఆవిడకి గోల్ఫ్ కర్ర పట్టుకోవడం నేర్పినవాడు.

అప్పాజీని పక్కకి పిలిచి ఫోన్ చూపించింది. అతను చూడలేదు.

"ఇప్పుడెందుకండీ అవన్నీ. అవతలివాళ్లు మాత్రం పత్తిత్తులా? ఈ కప్పు అయ్యాక సరిచేద్దాం. మీ షాట్లు మీరే కొడుతున్నారుగా."

"నా పేరు మీద నేను ఆడని ఆట రాశారు."

"మెల్లగా మాట్లాడండి."

"సురేంద్రా, నువ్వు చెప్పు," అంది, అటుగా వచ్చిన అతని వైపు తిరిగి.

సురేంద్ర గ్లవ్ సర్దుకుంటూ, "మీకు మంచే కదండీ చేశాం," అన్నాడు. "లేకపోతే ఈ జట్టులో మీకు చోటెక్కడిది?"

ఆ మాటతో ఆవిడకి ఇంకేమీ ఆలోచించాలనిపించలేదు. నేరుగా టోర్నమెంటు కార్యదర్శి వీరబ్రహ్మం గారి బల్ల దగ్గరికి వెళ్లి ఫోన్ ఆయన ముందు పెట్టింది.

ఆయన పావుగంట చూశాడు, ఎవరికో ఫోన్ చేశాడు. తర్వాత రెండు జట్లనీ పిలిచాడు. "సంతకం పెట్టినవాడూ పెట్టించినవాడూ ఆటలో లేరు. మొదటి తొమ్మిదిలో వాళ్ల స్కోర్లు కూడా కొట్టేస్తున్నాం. మేడమ్ గారికి పంతొమ్మిదే. ఇష్టమైతే మిగిలిన ఇద్దరూ ఆడొచ్చు."

ఆరు షాట్లు ముందున్న జట్టు ఇప్పుడు పదకొండు షాట్లు వెనకబడింది. ఇద్దరే మిగిలితే రెండు బాల్సూ లెక్కలోకి వస్తాయి. ఒకరు చెడగొడితే కాపాడేవాళ్లు లేరు.

"చర్చిలో చెప్పుకోవాల్సినవి ఇక్కడ చెప్పుకున్నారు," అన్నాడు అప్పాజీ, బ్యాగు భుజాన వేసుకుంటూ. "మా క్లబ్బులో మళ్లీ ఎలా ఆడతారో చూస్తాను."

నాలుగో ఆటగాడు శ్యాంబాబు. కొవ్వూరులో ఎరువుల కొట్టు. అతనికి ఈ సంగతులేవీ తెలియవు. "ఆడదాం," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు.

అచ్చిబాబు కూడా మెచ్చుకోలేదు. "నేను అరవకపోతే బయటపెట్టేవారా?" అన్నాడు. అది నిజమని ఆవిడకి తెలుసు. అతన్ని అంతకుముందుకంటే ఎక్కువగా అసహ్యించుకుంది.

పద్నాలుగో హోల్‌లో అచ్చిబాబు బాల్ పామాయిల్ చెట్ల మొదట్లోకి పోయింది. బయటపడి, గుంట చుట్టూ ఉన్న గ్రీన్ మీదికి చేరి, చివరికి గుంటలో వేసి, "అయిదు," అన్నాడు.

"ఆరు," అంది రత్నమాణిక్యం, పెన్సిల్ ఎత్తకుండా.

"మీరా నాకు చెప్పేది?"

"మొదటిది చెట్లలోకి. రెండోది మట్టకి తగిలి అక్కడే పడింది. మూడోది బయటికి, నాలుగోది గ్రీన్ మీదికి. అక్కడ రెండు. లెక్క తప్పయితే చెప్పండి."

అతను చెట్ల వైపు చూశాడు. తన జట్టువాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేల చూపులు చూస్తున్నారు. "రాసుకోండి," అని ముందుకి నడిచాడు. ఆవిడ ఆరు రాసింది.

కొవ్వూరు ఎనిమిది షాట్లతో ఓడిపోయింది. ఇద్దరే ఆడి మూడు షాట్లు తగ్గించారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. అచ్చిబాబు కప్పు తీసుకుని అందరికీ చెయ్యిచ్చాడు, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఫోన్ తీశాడు. అప్పటికే అప్పాజీ కారు వెళ్లిపోయింది. క్లబ్ వాట్సాప్ గ్రూపులోంచి ఆవిడ పేరు తీసేశారు.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు శ్యాంబాబు మొదటిసారి నోరు విప్పాడు.

"మీరు చేసింది తప్పనను. కానీ ముందు నన్ను అడగాల్సింది. అది నా ఆట కూడా."

"అడిగితే వద్దనేవారు."

"అనేవాణ్ణే," అన్నాడు. "అయినా అడగాల్సింది."

 "అవునండి, అడగాల్సింది," అంది ఆవిడ.

బస్సు వచ్చింది. అతను ముందు సీట్లో కూర్చున్నాడు. ఆవిడ రెండు వరసలు వెనక, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొవ్వూరులో అతను ఆవిడకంటే ముందే దిగి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.