ర్యాంపు మీద నీళ్ళు

"ఎలాగూ బండి మీదే కదా వెళ్తున్నావు" అంటూ ఎవాంజెలిన్ టీచరు నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్ తెచ్చి కోడలు కరుణ చేతిలో పెట్టింది. అన్నం, కూర, పెరుగు, అడుగున చేపల పులుసు. నల్లగండ్లలో ఉన్న కూతురు రెబెక్కాకి ఇప్పుడు అయిదో నెల. అమ్మ చేతి పులుసు తినాలనుందని నిన్న ఫోన్‌లో అంది. కరుణ ఆఫీసు గచ్చిబౌలిలో. మణికొండలో బయల్దేరి, ఆఫీసు దాటుకుని నల్లగండ్ల దాకా పోయి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆ సంగతి అత్తగారికి తెలియక కాదు. తెనాలిలో ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాకపోతే ముందు "ఎలాగూ" అని అనేస్తే ఎంత దూరమైనా దగ్గరైపోతుందని ఆవిడ నమ్మకం.

బండి వచ్చి ఎనిమిది రోజులే అయింది. సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఈ ఎనిమిది రోజుల్లో కరుణ దాని మీద ఆఫీసుకి వెళ్ళింది నిజమే. దాంతోపాటు బీపీ మాత్రలకీ, గ్యాసు బుకింగుకీ, భర్త కిరణ్ చొక్కాల ఇస్త్రీకీ, చర్చి స్త్రీల సమాజం వాళ్ళకి పాటల పుస్తకాలు అందించడానికీ వెళ్ళింది. అంతకుముందు ఈ పనులన్నీ ఎవరు చేసేవారో, అసలు ఎలా జరిగేవో ఎవరికీ గుర్తు లేదు.

నిజానికి ఆమె బండి కొన్నది ఉద్యోగం నిలబెట్టుకోవడానికి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక బస్సులు ఆగిపోయాయి. బంద్ ఉన్న రోజున ఆఫీసు క్యాబు తెల్లవారకముందే గేటు దగ్గరికొచ్చి, రెండు నిమిషాలు చూసి పోయేది. ముగ్గురికి టిఫిను చేసి, బాక్సులు సర్ది, కుక్కరు దించి పరుగెత్తుకొచ్చేసరికి దాని వెనక లైట్లు కనిపించేవి. అలా మూడుసార్లు తప్పిపోయాక మేనేజరు నవ్వుమొహంతోనే, "నీకు ట్రాన్స్‌పోర్ట్ ప్రాబ్లం కదా కరుణా, ఈ రిలీజ్ మధుకర్ చూసుకుంటాడులే" అన్నాడు. ఏడు నెలలు కూర్చుని ఆమె టెస్టింగ్ చేసిన ప్రాజెక్టు అది. మధుకర్‌కి వండాల్సిన టిఫిన్లు లేవు, అందుకని అతనికి ట్రాన్స్‌పోర్ట్ ప్రాబ్లం కూడా లేదు.

కిరణ్ పాల్ తన స్నేహితుడి కారులో మాదాపూర్ వెళ్తాడు. "నేను దింపుతాగా" అనేవాడు పెళ్ళాంతో. దింపేవాడు కూడా, తనకి తీరినప్పుడు. షోరూంలో స్కూటర్‌కి అయిదారు నెలలు ఆగాలన్నారు. మోటార్‌సైకిలైతే రేపే తీసుకెళ్ళమన్నారు. ఇంటర్ చదివే రోజుల్లో ఖమ్మంలో నాన్న ప్రభుదాస్ బండి మీద నేర్చుకున్న విద్య ఎక్కడికి పోతుందిలే అనుకుని, తన పేరు మీద తీసుకుంది. పాస్టరుగారు వచ్చి ట్యాంకు మీద చెయ్యి పెట్టి, "ఈ వాహనమును నడుపు మా సహోదరుడు కిరణ్ పాల్‌ని నీ రెక్కల చాటున కాపాడుము ప్రభువా" అని ప్రార్థన చేశారు. బండి తాళం గుప్పిట్లో పెట్టుకుని వెనక నిలబడ్డ కరుణ కూడా ఆమెన్ అంది. కళ్ళు తెరిచాక ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు చేదెక్కింది.

ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక కిరణ్ ఒక షరతు పెట్టాడు. "సరే, సరదా పడ్డావు, నడుపుకో. కానీ ఒక్కసారి పడేశావా, తాళం నాకిచ్చెయ్యాలి. బండి నేను వాడుకుంటాను. ముందే చెప్తున్నా." ఇదే కిరణ్ తన పాత బండిని రెండుసార్లు పడేశాడు. మొదటిసారి తప్పు కుక్కది. రెండోసారి మున్సిపాలిటీది. అప్పుడు అతని తాళం ఎవరూ అడగలేదు. కరుణ సరేనంది. తాళం చేతిలో ఉంటే చాలనుకుంది.

ఆ బుధవారం క్యారియర్‌ని ఎడమ హ్యాండిల్‌కి తగిలించుకుంది. తగిలించకూడదని తెలుసు. వెనక కట్టుకోవడానికి తాడు వెతకాలి, వెతికితే ఆలస్యమవుతుంది. సెల్లార్లోంచి ర్యాంపు ఎక్కుతూ మలుపు దగ్గరికి వచ్చిందో లేదో, పాల కింద స్టవ్ ఆపానా లేదా అన్న అనుమానం పట్టుకుంది. ఇంట్లో ఇంకా ఇద్దరు మనుషులున్నారు, కళ్ళూ ముక్కూ ఉన్నవాళ్ళే. అయినా స్టవ్ గురించి కంగారు పడాల్సింది మాత్రం ఆమే. హ్యాండిల్ వంకరగా ఉండగానే ముందు బ్రేకు గట్టిగా నొక్కేసింది. ఇంజిన్ ఆగిపోయింది. క్యారియర్ ఊగి మోకాలికి కొట్టుకుంది. బండి వెనక్కి జారుతుంటే ఎడమ కాలు దింపింది. అటు పల్లం. కాలికి నేల తగిలేలోపు బండి ఆమె మీదుగా వాలిపోయి ధడేలుమని పడింది.

ఊడుస్తున్న పోచమ్మ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. ఆ అపార్టుమెంటులో మెట్లూ సెల్లారూ శుభ్రం చేసేది ఆమే.

"అయ్యో, ఏమైంది మేడం? కాలుకు దెబ్బ తాకిందా ఏంది?" అంటూ చంకల కింద చేతులు పెట్టి కరుణని లేపింది. తర్వాత ఇద్దరూ కలిసి బండిని లేపారు. ఇండికేటర్ పగిలింది. క్లచ్ లివర్ వంగిపోయింది. "బండి ఫికర్ చెయ్యకు. నువ్వు మంచిగున్నవు, గది చాలు."

ర్యాంపు నిండా పులుసు. చేపముక్కలు కాలవ దాకా జారాయి. "జర పక్కకు జరుగు మేడం. గీ నూనెల ఇంకెవరన్న జారుతరు" అని పోచమ్మ రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి, సబ్బుపొడి చల్లి, చీపురుతో రుద్ది కడిగేసింది. ఎవరూ చెప్పలేదు ఆమెకి. కడిగి, బకెట్లు పెట్టి రావడానికి వెనక్కి వెళ్ళింది.

బండి పడ్డ చప్పుడు విన్న కిరణ్, గడ్డం గీసుకోవడం ముగించి సరిగ్గా అప్పుడే దిగొచ్చాడు. ముందు బండిని చూశాడు. తర్వాత తడిసి మెరుస్తున్న ర్యాంపుని చూశాడు. ఆ తర్వాత కరుణ మోకాలు.

"ఎవరు పోశారీ నీళ్ళు? బుద్ధుందా వీళ్ళకి? ఆఫీసులకెళ్ళే టైములో ర్యాంపు మీద నీళ్ళు పోస్తే బండ్లు జారవూ?" అని కేకలేశాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, "నీ తప్పు కాదులే" అన్నాడు.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. కూరలో ఉప్పెక్కువైనా, చుట్టాలకి ఫోన్ చేయడం మర్చిపోయినా, పిల్లలు ఇంకా పుట్టకపోయినా, ఏ తప్పు ఎక్కడ తిరిగినా చివరికి ఆమె దగ్గరికే వచ్చేది. "నీళ్ళు తర్వాత పోసింది" అంటే చాలు. మూడే మాటలు. ఆ మూడు మాటలు చెబితే తాళం పోతుంది, తాళంతో పాటు ఉద్యోగం పోతుంది. అదొక్కటే కాదు, భుజం మీద ఉన్న ఆ చెయ్యి కూడా పోతుంది. ఆ చెయ్యి బాగుందని ఒప్పుకోవడానికి ఆమెకి తర్వాత చాలా సిగ్గేసింది. కరుణ నోరు విప్పలేదు. స్టవ్ ఆపే ఉందని ఇంట్లోకి వెళ్ళాక తెలిసింది.

ఆ సాయంత్రం అసోసియేషన్ సెక్రటరీ పార్థసారథి గుమ్మంలో నిలబడి, "పోచమ్మని రేపట్నుంచి రావద్దని చెప్పేశానండీ కిరణ్‌గారూ" అన్నాడు. "అంతేనండి, ఊరంతా సమ్మెలో ఉంటే వీళ్ళకి పని మీద ధ్యాసెక్కడిది" అన్నాడు కిరణ్. వంటింట్లో ఉన్న కరుణ మిక్సీ ఆన్ చేసింది. పచ్చడి ఎప్పుడో నలిగిపోయింది. అయినా మాటలు ఆగేదాకా దాన్ని తిప్పుతూనే ఉంది.

క్లచ్ లివర్ మార్పించారు. తాళం ఆమె దగ్గరే ఉంది. అయితే బండి ఎక్కితే చాలు, ఆ పడడమే గుర్తొచ్చేది. ర్యాంపు మలుపు వచ్చేసరికి రెండు కాళ్ళూ నేలకి దించేసేది. ఇలా అయితే ఇంకోసారి పడతాను, ఈసారి రోడ్డు మీద పడతాను అని భయమేసింది. బంద్ రోజుల్లో రోడ్లు ఖాళీగా ఉండేవి. ఆఫీసు నుంచి వస్తూ పుప్పాలగూడ వైపు గుట్ట దారికి మళ్ళి, అక్కడ ఎత్తు మీద అరగంట సేపు బండి ఆపుతూ, మళ్ళీ కదిలిస్తూ నేర్చుకోవడం మొదలెట్టింది. ఆపే ముందు హ్యాండిల్ తిన్నగా ఉండాలి. ఎత్తు మీద ముందు బ్రేకుని నమ్ముకోకూడదు, వెనక బ్రేకు మీద కాలు ఉండాలి. దింపే కాలు ఎత్తు వైపు దింపాలి. చూపు వెళ్ళాల్సిన చోట ఉండాలి, చక్రం మీద కాదు. హ్యాండిల్‌కి ఏదీ తగిలించకూడదు. బండి మీద ఉన్నంతసేపు పాలూ స్టవ్వూ ఇంట్లోనే ఉండాలి. ఇవన్నీ నేర్చుకోవాలంటే ఆ బుధవారాన్ని మళ్ళీ మళ్ళీ తలుచుకోవాల్సి వచ్చేది. ఏ క్షణాన ఏం చేసింది, చెయ్యి ఎక్కడుంది, కాలు ఎక్కడుంది. ఎన్నిసార్లు తలుచుకున్నా అందులో నీళ్ళు లేవు. నీళ్ళు ఉన్నాయనుకుంటే నేర్చుకోవడానికేమీ మిగలదు. అదే ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు.

అత్తగారు మళ్ళీ "ఎలాగూ" అన్న రోజున, "కుదరదు అత్తయ్యా. బండి మీద బరువులు వద్దు" అంది. ఎవాంజెలిన్ టీచరు కొడుకు వైపు చూసింది. కిరణ్ టీవీలో రాస్తారోకో వార్తలు చూస్తూ ఉండిపోయాడు.

సమ్మె వల్ల వెనకబడ్డ పని కోసం ఆఫీసు రమ్మన్న శనివారం నాడు, గచ్చిబౌలి దారిలో పోచమ్మ కనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు వారన నడుస్తోంది. కరుణ బండి ఆపింది.

"మోకాలు తగ్గిందా మేడం?" అని పోచమ్మే ముందు అడిగింది.

"తగ్గింది. ఇటెక్కడికి పోచమ్మా?"

"లేడీస్ హాస్టల్ల గిన్నెలు తోముతున్న. బస్సులు బందున్నయి గద, నడుసుడే."

"ఎక్కు, దింపుతాను."

పోచమ్మ వెనక సీటు వైపు చూసింది. ఎక్కలేదు. "నేను నీళ్ళు పోసింది నువ్వు పడ్డంక" అంది. గొంతులో కోపం లేదు, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు ఉంది. "నువ్వు పక్కనే ఉంటివి. సారుకు చెప్తవనుకున్న. రెండు దినాలు చూసిన. ఇగ చెప్పవని సమజైంది."

"పోచమ్మా, నేను చెబితే మా ఇంట్లో..."

"ఎరుకే తియ్. నీ పరేషాన్ నీకుంటది. గని నీ ఇంట్ల లొల్లి తెచ్చి నా మీద ఏస్తివి." అని చెప్పులు వేసుకుని నడక సాగించింది.

కరుణ ఆ రోజంతా స్క్రీన్ ముందు కూర్చుంది గాని ఒక్క లైను కూడా కంటికి ఆనలేదు. మేనేజరు తన పని మధుకర్‌కి ఇచ్చినప్పుడు తనకి జరిగిందేమిటో, పోచమ్మకి తను చేసిందేమిటో పక్కపక్కన పెట్టి చూసుకుంది. మేనేజరు కనీసం మొహం చూసి చెప్పాడు. తను అది కూడా చేయలేదు. ఏడుపొచ్చింది. అది మోకాలు నొప్పనుకుని పక్క సీటు అమ్మాయి మాత్ర ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం సెల్లార్లో అసోసియేషన్ మీటింగు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. కొత్త మనిషిని పెట్టుకోవడమే అజెండా. పార్థసారథి కాగితం చూసి చదివాడు. "పాత మనిషి అజాగ్రత్త వల్ల యాక్సిడెంట్ జరిగింది గనుక..."

"జరగలేదండీ" అని కరుణ లేచి నిలబడింది. ముందు కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. "నేను పడినప్పుడు ర్యాంపు పొడిగానే ఉంది. హ్యాండిల్‌కి క్యారియర్ తగిలించుకుని, మలుపులో ముందు బ్రేకు నొక్కి నేనే పడ్డాను. పులుసు ఒలికితే ఇంకెవరూ జారకూడదని పోచమ్మ తర్వాత కడిగింది. ఆ సంగతి తెలిసీ నేను ఊరుకున్నాను. ఆమె పని ఆమెకివ్వండి. రేపు నేనే వెళ్ళి తప్పయిందని చెప్తాను. వస్తుందో రాదో ఆమె ఇష్టం."

ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆడవాళ్ళకి మోటార్‌సైకిళ్ళెందుకంటారు" అన్నారింకెవరో. పార్థసారథి కాగితం మడత పెట్టి, "అయితే పిలిపిద్దాం లెండి" అని గొణిగాడు. "పదిమందిలో పరువు తీశావు కదమ్మా" అంది అత్తగారు.

కిరణ్ మొహం కందగడ్డలా అయింది. కుర్చీ వెనక్కి నెట్టి వచ్చి, అందరూ చూస్తుండగానే అరచెయ్యి చాపాడు. "నాకు అబద్ధం చెప్పావు. ముందే చెప్పాను కదా, పడితే తాళం నాదని. ఇటివ్వు."

కరుణ ఆ చేతి వైపు చూసింది. తాళాన్ని గుప్పిట్లో పెట్టుకుని అలాగే నిలబడింది.

"తప్పుని నీళ్ళ మీదకి నెట్టేసి నేను ఊరుకున్న రోజున అడిగి ఉంటే ఇచ్చేదాన్నండీ" అంది. "ఆ రోజు నాకు నిజంగానే నడపడం రాదు."