నాలుగో పద్యం దగ్గర దగ్గు

అభిరామ్‌కి తెలివితేటలకేం తక్కువ లేదు. అవి ఎటు పనిచేస్తాయన్నదే బాధ.

డిగ్రీ మొదటి సంవత్సరం తెలుగు క్లాసులో ఒక మహాకావ్యంలోని ఘట్టం పాఠం. ముసలి గుడ్డి తల్లిదండ్రులు, నీళ్లు తేవడానికి వెళ్లిన కొడుకు, పొరపాటున వాడిని బాణంతో కొట్టిన రాజు. సోమవారం ఆ పద్యాలు పుస్తకం చూడకుండా అప్పజెప్పాలని కామేశ్వరి మేడం చెప్పారు.

ఆదివారమేమో విస్సన్నపేటలో క్రికెట్ పోటీ. చాట్రాయి దగ్గరి సొంత తోటలో మామిడి కోత కూడా ఆ రోజే. సాయంత్రానికి గాలివాన అన్నారు, కూలీలు దొరకలేదు. తండ్రి లక్ష్మీనరసింహారావు కొడుకుని సాయం రమ్మందామనుకున్నాడు గానీ, "పద్యాలు చదువుకోవాలి నాన్నా" అనగానే మెత్తబడిపోయాడు.

"చదువుకో. నేనూ మీ అమ్మా చూసుకుంటాంలే."

అభిరామ్ తోటలోని మోటారు షెడ్డులో కూర్చుని, పుస్తకం చూస్తూ పద్యాలన్నీ ఒక్కసారి రాగం తీసి చదివి ఫోన్‌లో రికార్డు చేశాడు. నాలుగో పద్యం మధ్యలో దగ్గొచ్చింది. మళ్లీ చదివే ఓపిక ఎక్కడిది? అలాగే వదిలేసి, అదే ఆగకుండా మోగేలా స్పీకర్‌కి కలిపాడు. తలుపు లోపల గడియ పెట్టి, చువ్వల్లేని వెనక కిటికీలోంచి దూకి, స్నేహితుడు కిషోర్ బాబు బండెక్కాడు.

జట్టు గెలిచింది. ఆ హుషారుతోనే పొద్దువాలే వేళకి తిరిగొచ్చి, కిటికీలోంచి దిగి, ఫోన్ ఆపి, చదివి అలసిపోయిన మొహం పెట్టుకుని తలుపు తీశాడు.

తండ్రి చెట్టుకింద కూలబడి ఉన్నాడు. మామిడి సొన పడి చేతులు మోచేతుల దాకా కమిలిపోయాయి. సగం చెట్లకి కాయ అలాగే ఉంది. గాలి అప్పుడే మొదలైంది.

"అయిందా నాన్నా? పొద్దుట్నుంచీ ఆపలేదు నువ్వు. కాయలు కోసే చిక్కం కర్ర విరిగితే, షెడ్డులో ఉన్న ఇంకోటి అందిస్తావేమోనని వచ్చి పిలిచా. నువ్వు పలకలా. పద్యంలో ఉన్నావులే అని వెళ్లి చేతుల్తోనే కోశా."

తల్లి గ్లాసు అందించింది. కోత మధ్యలో ఇంటికెళ్లి మరీ కాచుకొచ్చిన మిరియాల పాలు.

"తాగు. నాలుగో పద్యానికొచ్చేసరికి దగ్గొస్తోంది నీకు. విన్నప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటోంది."

అభిరామ్‌కి గ్లాసు బరువెక్కింది.

"ఏదీ, ఒకసారి మాకు చెప్పు," అన్నాడు తండ్రి.

మొదటి పద్యమే రెండో పాదంలో ఆగిపోయింది. తండ్రి నవ్వి అందించాడు. రోజంతా విన్నాడేమో, రాగం లేకపోయినా పద్యం తర్వాత పద్యం చెప్పుకుపోయాడు. నాలుగో పద్యం మధ్యలో మాత్రం ఆగాడు.

"ఇక్కడే కదా నీకు దగ్గొచ్చేది. చూసుకో."

రాజు అడుగుల చప్పుడు విని, వచ్చింది కొడుకేననుకుని గుడ్డివాళ్లు మురిసిపోయే పద్యం అది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని అర్థం ఇప్పుడు ఎక్కింది. అభిరామ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను ఇక్కడ లేను నాన్నా. క్రికెట్‌కి వెళ్లా. మీరు విన్నది ఫోను."

తండ్రి షెడ్డు వైపు చూశాడు. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. లేచి, షెడ్డులోని చిక్కం తీసుకుని చెట్ల వైపు నడిచాడు.

తల్లికి అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది.

"అయితే నీకు దగ్గు లేదన్నమాట," అని హాయిగా ఊపిరి పీల్చుకుంది.

చెంప మీద ఆమె ఒక్కటి కొట్టినా బాగుండేదనిపించింది అభిరామ్‌కి.