తిరిగే వీసా

ఆ శుక్రవారం పొద్దున ఒమాన్‌లో మేముండే నిజ్వా మీద ఆకాశం ఒక పక్కే నిండింది. కొండల మీద మబ్బు కూర్చుంది. సముద్రం దిక్కు మాత్రం తెల్లటి ఎండ. వాన పడితే వాగు పారుతుంది, వాగు పారితే బస్సు ఆగుతుంది. అందుకే టీ కూడా తాగకుండా బయలుదేరాను.

"పెండ్లయి ఇన్నేండ్లాయె, ఇంకా కొత్తల్లుని లెక్క ఉరుకుతడు," అన్నాడు రూమ్‌లో నా పక్క మంచం పెద్దులు. "భూమన్నా, అత్తగారింట్ల ఏమన్న పెడితే మాక్కూడ ఇంత పట్టుకరా."

నేను నవ్వలేదు. నాది నిజ్వాలో టైల్స్ పని. నా భార్య నవీన మస్కట్‌లో, అజైబాలో, ఒక కాకినాడ వాళ్ళింట్లో వంట చేస్తుంది. ఆలుమగలిద్దరూ ఒకే దేశంలో ఉన్నారని ఊళ్ళో మా అదృష్టం గురించి చెప్పుకుంటారు. శుక్రవారం శుక్రవారం చూసుకునే అదృష్టం.

ఆ ఇంటి వికాస్ సార్, విజేత మేడమ్ ఏడాదికోసారి యూరప్ తిరిగి వస్తారు. డబ్బులు విరజిమ్మే తిరుగుడు కాదు. రాత్రి బస్సులోనే నిద్రపోతే హోటల్ ఖర్చు తప్పుతుంది. రోమ్‌లో వీధి కుళాయి నీళ్ళే సీసాలో పట్టుకుంటారు. కొట్లో రొట్టె, జున్ను కొనుక్కుని చర్చి మెట్ల మీద కూర్చుని తింటారు. ఇదంతా నవీన చెప్పిందే. లిస్బన్‌లో జూన్ నెలలో జాతర అట. వీధి వీధంతా చేపలు కాల్చే పొగ. ఆ జాతరలో మగవాడు తన మనసుకు నచ్చిన ఆడమనిషికి తులసిలాంటి మొక్కను చిన్న కుండీలో పెట్టి ఇస్తాడట.

"దాన్ని ముక్కు వెట్టి వాసన చూడొద్దట. చేత్తోని తడిమి, చెయ్యి వాసన చూస్కోవాలెనట. దేవుని పూవు లెక్కనే," అంటూ ఒకసారి నవీన తన అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ చేతికి ఉల్లిగడ్డ వాసన తప్ప మరొకటి ఉండదని నాకు తెలుసు. అయినా ఆమె కళ్ళు మూసుకుంది. వికాస్ సార్ మేడమ్‌కు ఆ కుండీ ఇస్తున్న ఫోటో నవీన ఫోన్‌లో ఉంది. మా ఇద్దరి ఫోటో కంటే ముందు అదే వస్తుంది.

ఆ రోజు తలుపు తీసింది విజేత మేడమ్.

"రా భూమేశ్, రా. శుభవార్త! మా నవీనకి వీసా వచ్చేసిందిగా!"

'మా నవీన' అన్న దగ్గరే నా చెవి ఆగాల్సింది. వీసా దగ్గర ఆగింది. మాలో వీసా అంటే ఒకటే, పని. రెండేళ్ళు. మా ఊళ్ళో ఎవరికైనా వీసా వచ్చిందంటే చుట్టాలు వచ్చి చూసి పోతారు, తల్లి ఏడుస్తుంది.

"సంతోషం మేడమ్," అని వంటింట్లోకి నడిచాను.

నవీన చేపలు కడుగుతోంది. వంటింటి వెనకే ఆమె గది. మంచం మీద మేడమ్‌ది ఎర్ర స్వెట్టర్ మడత పెట్టి ఉంది. అయితే చలి దేశమే. అంతా కుదిరిపోయింది. నాకు ఒక్క మాట చెప్పలేదు.

"రెండేండ్లా, మూడేండ్లా?" అన్నాను.

"ఏంది?"

"అగ్రిమెంట్."

ఆమె చేప పట్టుకునే నా వైపు తిరిగింది. కాసేపు ఏమీ అర్థం కానట్టు చూసింది. తర్వాత చేతిలో చేప జారిపడేంత నవ్వు నవ్వింది.

"నీ పాడుగాను! పని వీసా కాదయ్యా. తిరిగే వీసా. పది దినాలే. వియన్నా, బుడాపెస్ట్. క్రిస్మస్‌కు ఊరి నడుమ సంత వెడ్తరట. మేడమ్ వాళ్ళమ్మ సుగుణమ్మ గూడ వస్తున్నది. ఆమెకు మోకాళ్ళ నొప్పులాయె. చెయ్యి వట్టుకోను, రూమ్‌ల ఇంత అన్నం వండను నన్ను రమ్మన్నరు."

"తిరుగనీకె గూడ వీసా ఇస్తరా?"

"ఇస్తరట. నాకు గూడ తెల్వది. వస్తదో రాదో అని నీకు చెప్పలె."

అప్పుడైనా నా గుండె కుదుటపడాలి. ఇంకా మండింది. పని మీద పోతే ఓర్చుకోవడం నాకు తెలుసు. మా వాళ్ళందరికీ తెలుసు. ఊరికే చూడటానికి పోవడం, అదీ నేను లేకుండా పోవడం, దాన్ని ఎట్లా ఓర్చుకోవాలో ఎవరిని చూసి నేర్చుకోను? ఇన్నాళ్ళు వాళ్ళు చూసినవి చెప్పింది. ఇకనుంచి తను చూసినవి చెబుతుంది. నేను ఎప్పుడూ వినేవాణ్ణే.

"మొగుడు పెండ్లాలు ముంగట చేతులు వట్టుకోని నడుస్తరు. నువ్వు ముసలామె చెయ్యి వట్టుకోని ఎన్కాల నడువు," అన్నాను.

నవీన నవ్వు ఆగింది. "చెయ్యి ఎవలదైతేంది? కండ్లు నావే గద."

చేపకు ఉప్పూ కారం పట్టిస్తూ అడిగింది. "నువ్వు వద్దంటె మేడమ్‌తోని ఇప్పుడే చెప్త. చెప్పు. పోవాల్నా, వద్దా?"

"పో."

"పో ఏంది, కుక్కను అన్నట్టు? పోయిరా అనరాదా?"

మా ఇళ్ళలో పక్క సందుకు పోయేవాణ్ణి కూడా ఎవరూ 'పో' అనరు. పోయేవాడూ పోతున్నా అనడు, పోయొస్తా అంటాడు. నేను మొదటిసారి ఒమాన్ వచ్చిన నాడు నవీన గడపలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా 'రా' మింగలేదు. నాకు తెలుసు. తెలిసే ఆ అక్షరాన్ని నోట్లోనే ఉంచుకున్నాను.

"అన్న గద, పో అని."

"సరే. పోత," అంది నవీన. పోయొస్త అనలేదు.

చేపలు వేగాయి. ఆమె గదిలో కింద పేపర్ పరిచి పళ్ళాలు పెట్టింది. అన్నం, పచ్చిపులుసు, చేప. హాల్లో వికాస్ సార్ ఏ ఊళ్ళో ఏ రైలు ఎక్కాలో పైకి చదువుతున్నాడు. సుగుణమ్మ నవ్వుతోంది. నవీన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా పక్కన కూర్చుంది. నా పళ్ళెం వైపు చూసి అడగకుండానే ఇంకొంచెం అన్నం వేసింది.

పెద్ద ముద్ద కలిపి పెట్టుకున్నాను. నోరు నిండుగా ఉంటే మాట్లాడే పని లేదు. ఆమె కూడా పెట్టుకుంది. ముళ్ళు ఏరుకుంటూ, తలెత్తకుండా, ఇద్దరం తిన్నాం.