గోదాం కొలత

మూడో వరుస రాయి పెట్టాల్సిన చోట నిర్మలమ్మ టీచరు వచ్చి కూర్చుంది. బషీర్ మేస్త్రీ చేతిలో రాయితో అట్లాగే నిలబడిపోయాడు. మక్తల్ పక్క ఎండ అంటే మాటలు కాదు. బండ మీద కోడిగుడ్డు పెడితే ఉడకడం అటుంచి, పిల్ల బయటికొచ్చి నీళ్లడిగేది. కొత్త కప్పు కింద కూడా రాయి కాలుతోంది.

"జర లేవమ్మా టీచరమ్మా, రాయి కాళ్ల మీద వడ్తది."

"గీ గోడ వద్దు మేస్త్రీ."

"గోడ లేకుంటె బడెట్లయితది? సంతయితది."

"కానీ. సంతల జనం జరంత తెలివిగ ఉంటరు."

హైస్కూలుకు రెండు గదులు మంజూరయ్యాయి. దూలాలు, కప్పు పడ్డాయి. మిగిలింది నడుమ అడ్డుగోడ. నిర్మలమ్మది మాత్రం వేరే రంధి. ఆమె పదో తరగతి పిల్లలు గుంపులు గుంపులుగా పని చేస్తూ చదువుతారు. ఒక గుంపు చెలకల మట్టి తెచ్చి గురుగుల్లో జొన్న మొలిపిస్తుంది. ఇంకో గుంపు ఊళ్లోని నలభైమూడు బావుల లోతు తాడేసి కొలిచి, ఆ ఊరినంతా గది నేల మీద మట్టితో కట్టింది. ఆ గుంపులో బషీర్ బిడ్డ తాహేరా ఉంది. మూడు వారాల పని. గంట కొట్టగానే ఆ గదిలోకి ఎనిమిదో తరగతి రావాలి. చీపురు పట్టి ఊరిని ఊడ్చి, రెండు తట్టల్లో బయట పోశారు.

"మక్తల్ బజార్ల కిరాణ దుకాణం తలుపు జూసినవా? పొద్దుగాల ఒక్కొక్క చెక్క గాడిల నుంచి తీస్తరు, మాపటికి మల్ల పెడ్తరు" అంది నిర్మలమ్మ. "గోడ జాగాల గసొంటి చెక్కలు చాలు. పాఠానికి రెండు గదులు, పనికి ఒకటే గది, జేసింది ఊడ్వకుంట ఒక పక్కకు ఉంటది. పైన దూలముంది, గోడ మోసేదేం లేదు."

బషీర్‌కు నవ్వొచ్చింది. ఎనిమిది గోదాములు, పదకొండు బళ్లు కట్టిన చెయ్యి అది. ఎవరూ ఇట్లా అడగలేదు.

"కాంట్రాక్టరుకు జెప్పు తల్లీ. నేను అరవై రూపాయల కూలోణ్ని."

జొన్నరొట్టె మూట తెచ్చిన తాహేరా గుంజకు ఆనుకుని నిలబడి ఉంది.

"అబ్బాజాన్, మన ఊరి చిన్నబడి నువ్వే కట్టినవు గద?"

"కట్టిన. ఏనుగు గుద్దినా పగలది."

"ఐదేండ్లు అండ్ల కూసున్న. కిటికీల నుంచి మొగులు దప్ప ఏం కనవడలే. ఒకసారి గద్ద వోయింది. గదొక్కటే."

"కిటికీ గట్లనే ఉంటది."

"ఏడ కూసోని కొలిచినవు?"

బషీర్ రాయి కింద పెట్టి, తాను కట్టిన కొత్త కిటికీ ముందు నేల మీద పిల్లల్లా బాసింపట్టు వేసి కూర్చున్నాడు. తెల్లటి ఆకాశం ముక్క. చెట్టు లేదు, బాట లేదు, మనిషి లేడు. నిలబడ్డ మనిషి భుజమంత ఎత్తున ఉంది కిటికీ కింది అంచు. గోదాములో కిటికీ అంతెత్తునే ఉండాలి, లేకపోతే బస్తాలు అడ్డమొచ్చి గాలాడదు. బషీర్ పని నేర్చింది గోదాముల మీద. బడి కట్టమన్నప్పుడు కొత్త కొలత ఎవరూ ఇవ్వలేదు, అతడూ అడగలేదు. పదకొండు ఊళ్ల పిల్లలను బస్తాల్లా పేర్చి వచ్చాడు.

బయట లూనా బండి ఆగింది. ముందు పొట్ట, దాని వెనకాల కాంట్రాక్టరు దశరథం లోపలికొచ్చారు.

"ఏం బషీరూ, కిటికీ ముంగట నమాజు జేస్తున్నవా? మాపటికి గోడ లేవాలె. రేపు ఇంజినీరొస్తడు. రెండు గదులు గనవడితెనే రెండు గదుల బిల్లు."

"చెక్కలు పెట్టినా రెండు గదులే గద సారూ?" అంది నిర్మలమ్మ.

"కాయిదం మీద గోడుంది టీచరమ్మా. చెక్కలు కిరాణంకు మంచిగుంటయి."

బషీర్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"సారూ, గోదాం గావాల్నంటె గోదామని జెప్పు, కడ్త. బడని జెప్పి గోదాం గట్టియ్యకు. గీ గోడ నేను లేపను."

దశరథం మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"కొత్తకోట పని నీకే ఇస్తనన్న, యాదికుందా? ఆరు నెలల పని."

"ఉంది."

"గట్లయితె మరిచిపో. ఇప్పుడే ఇంకో మేస్త్రీని తెస్త." లూనా దుమ్ము లేపుకుంటూ మక్తల్ దిక్కు పోయింది.

ఇంతసేపూ సిమెంటు మాలు తట్ట నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడ్డ సాలమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమెకు రోజుకు ఇరవై రూపాయలు.

"బషీర్ భాయ్, నీ మాటకు నా కూలి గూడ వాయె. నన్నొక మాట అడిగినవా?"

బషీర్ తల దించుకున్నాడు. "అడగలే అక్కా."

"మాలు గట్టిపడ్తాంది. యాడ వొయ్యాలె?"

"కిటికీ కిందికి దించుదామనుకుంటున్న. కూలి ఎవలిస్తరో తెల్వదు."

సాలమ్మ కదల్లేదు. తట్ట అంచు నుంచి సిమెంటు నీళ్లు ఆమె చెంప మీదుగా కారుతున్నాయి. తాహేరా దగ్గరికి పోయి తట్టకు ఒక పక్క చెయ్యి వేసింది. నిర్మలమ్మ లేచి వచ్చి రెండో పక్క పట్టుకుంది. సాలమ్మ మాత్రం ఇంకా తన చేతులు తియ్యలేదు. దూరంగా బాట మీద లూనా చప్పుడు తిరిగి వినబడింది. ఈసారి దాని మీద ఇద్దరున్నారు.